ఫీజు మాది, రిపోర్టు మాత్రం బ్యాంకుదా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా వైపు ఎవరైనా ఇల్లు కొంటున్నారంటే చుట్టాలు మొదట అడిగేది "బ్యాంకు లోను వస్తుందా?" అనే. వస్తుందంటే ఇక బెంగ లేదు. లాయరు కాగితాలు చూశాడు, ఇంజనీరు ఇల్లు చూశాడు, ఏదైనా తేడా ఉంటే బ్యాంకు అన్ని లక్షలు ఎందుకిస్తుందని పెద్దవాళ్లే ధైర్యం చెబుతారు. ఈ ధైర్యంతో కొని నష్టపోయిన కుటుంబాలు గోదావరి డెల్టాలో ఊరూరా ఉన్నాయి. లోను ఇచ్చే ముందు బ్యాంకు చేయించే వాల్యుయేషన్ (ఇంటి విలువ కట్టే) రిపోర్టు కాపీ, దానికి ఫీజు కట్టే కొనుగోలుదారుకీ ఇవ్వాలని, బ్యాంకు అధికారులూ జిల్లా యంత్రాంగమూ ఇది పట్టించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా తమ్ముడు పాలకొల్లు శివార్లలో 150 గజాల్లో కట్టిన ఇల్లు కొన్నాడు. దస్తావేజులో వెడల్పు 30 అడుగులు, పొడవు 45. లోను కోసం వచ్చిన వాల్యుయేషన్ ఇంజనీరు గదులకు టేపు పట్టి, ఫోన్లో ఫొటోలు తీసుకుని, ఇంటివాళ్లను గుమ్మం ముందు నిలబెట్టి మరో ఫొటో తీసి వెళ్లిపోయారు. తూర్పున ఖాళీ స్థలం, నడుములోతు గడ్డి. హద్దురాయి ఎక్కడుందో ఎవరూ వెతకలేదు. రిజిస్ట్రేషన్ అయింది, గృహప్రవేశం చేసుకున్నాం. ఏడాది తిరక్కుండా ఆ ఖాళీ స్థలం వాళ్లు ఇల్లు మొదలుపెడుతూ సర్వే పెట్టించారు. కొలిస్తే మా ప్రహరీ అడుగున్నర వాళ్ల స్థలంలో ఉంది. అంటే వెడల్పు ఇరవై ఎనిమిదిన్నర అడుగులే. ఏడున్నర గజాలకు డబ్బు కట్టాం గానీ అవి నేల మీద లేవు. మేడ మెట్లు ఆ గోడనే ఆనుకుని ఉండటంతో గోడతో పాటు మెట్లూ కొట్టేయాల్సి వచ్చింది.

బ్యాంకుకి వెళ్లి అడిగితే, "వాల్యుయేషన్ మా అప్పు కోసం చేయించుకునేది, హద్దులు మీరే చూసుకోవాలి" అన్నారు. పోనీ ఆ రిపోర్టయినా చూపించమంటే కుదరదన్నారు. వాల్యుయేషన్‌కీ లాయరు ఒపీనియన్‌కీ ఫీజు కట్టింది మా తమ్ముడు. డబ్బు కట్టిన మనిషికి కాపీ ఎందుకివ్వరు? నేను అడుగుతున్నది ప్రధానంగా ఇదొక్కటే.

బ్యాంకు చెప్పింది అబద్ధమని నేననను. రేపు వాయిదాలు ఆగిపోతే ఈ ఇంటిని అమ్మి ఎంత రాబట్టుకోవచ్చు అన్నదే వాళ్ల లెక్క. పునాది ఎంత లోతు, స్లాబు కారుతుందా, గోడ ఎవరి స్థలంలో ఉంది అన్నవి ఆ లెక్కలో నామమాత్రమే. అది వాళ్ల అవసరం, ఒప్పుకుంటాను. కానీ ఆ సంగతి కొనేవాళ్లకు ముందే ఎవరూ చెప్పడం లేదు. లోను దరఖాస్తు మీద ఇన్ని సంతకాలు పెట్టించుకుంటారు గదా, "ఈ వాల్యుయేషన్ మీ ఇంటికి హామీ కాదు, హద్దులు సర్వేయరుతో విడిగా కొలిపించుకోండి" అని ఒక్క ముక్క తెలుగులో రాసి చేతికిస్తే ఏం పోతుంది?

మన నేల సంగతి చూస్తే ఇది ఇంకా ముఖ్యం. భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల ఇప్పుడు లేస్తున్న కాలనీల్లో చాలావరకు నిన్నటి వరిచేలు, చేపల చెరువులే. పల్లాన్ని బుసకతోనో (ఇసుక మట్టి) గ్రావెల్‌తోనో మెరక చేసి, ఆ పూడిక సర్దుకోకముందే పునాది తీస్తున్నారు. అడుగున ఉన్న నల్లమట్టి వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది. రెండు వేసవులు గడిచేసరికి కిటికీ మూలల నుంచి ఏటవాలుగా గోడ పగులుతుంది. రంగు వేసి అమ్మే రోజున అది ఎవరికీ కనపడదు. ఏటిగట్టుకు దగ్గరి ఊళ్లలో వరద భయం దీనికి తోడు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక స్థాయి 17.75 అడుగులు దాటి గోదావరి వచ్చింది. స్థలం పూడ్చినదా, ఎంత ఎత్తు పూడ్చారు, నీళ్లు ఎంతవరకు వచ్చాయి అన్న మూడు విషయాలు డెల్టాలో చేసే ప్రతి వాల్యుయేషన్‌లోనూ రాయించాలి. అది బ్యాంకుకీ మంచిదే.

ఇంకో బాధ బయానాది. ముందు బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటాం, ఆ తర్వాతే వాల్యుయేషన్. 50 లక్షలకు బేరమైన ఇంటికి 44 లక్షలే అని రిపోర్టు వచ్చిందనుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోనుకి ఇంటి విలువలో 80 శాతమే పరిమితి. 40 లక్షలు వస్తాయనుకున్న చోట 35 లక్షల 20 వేలే వస్తాయి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం ఎటూ చేతి నుంచే పెట్టుకోవాలి. తక్కువపడిన ఆ నాలుగు లక్షల 80 వేలు గడువులోగా తేలేక బయానా వదులుకున్నవాళ్లున్నారు, అమ్మాయి నగలు తాకట్టు పెట్టినవాళ్లున్నారు. విలువ ఎందుకు తగ్గిందో ఆ రిపోర్టులో ఉంటుంది. అది చేతిలో ఉంటే అమ్మేవాళ్లతో కూర్చుని ధర తగ్గించమని అడగొచ్చు. లేనప్పుడు ఏమని అడుగుతారు? "లోను సరిపడా రాకపోతే బయానా వాపసు" అన్న మాట అగ్రిమెంటులో రాయించుకోవాలని దస్తావేజు లేఖరులైనా కొనేవాళ్లకు చెప్పాలి.

సర్వే విషయంలో ప్రభుత్వం చేయగలిగింది చాలా ఉంది. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో సర్వేయర్లున్నారు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేతో డ్రోన్లు తిరిగాయి, చాలా ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. లింకు డాక్యుమెంట్లలో (అంతకు ముందు చేతులు మారినప్పటి దస్తావేజుల్లో) పాత నంబరు, కొత్త రికార్డులో కొత్త నంబరు. రెండూ ఒకే స్థలమని బ్యాంకు లాయరుకి నచ్చజెప్పలేక జనం టెన్షన్ పడుతున్నారు. గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇళ్లకైతే అడంగల్, వన్‌-బీ లాంటి భూమి రికార్డులు కూడా ఉండవు. హద్దులు తేల్చుకోవడానికి ఎఫ్‌-లైన్ దరఖాస్తు అనేది ఒకటుందని చాలామందికి తెలియదు. తెలిసి పెట్టుకున్నా, స్థలం ఇంకా అమ్మేవాళ్ల పేరునే ఉంటుంది కాబట్టి వాళ్లు ముందుకు రావాలి. అందుకే ఇల్లు అమ్మేవాళ్లే కొలిపించి, సర్వేయరు సంతకంతో ఉన్న స్కెచ్‌ను దస్తావేజుకు జత చేసేలా నిబంధన తేవాలి. పుంతనో (బండ్ల దారి) పంట బోదెనో (చిన్న కాలువ) కలిపేసుకుని ప్లాటుగా చూపించే మోసాలు కూడా అక్కడే బయటపడతాయి.

కలెక్టరు గారి అధ్యక్షతన జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశాల్లో పంట రుణాల లక్ష్యాల గురించి ప్రతిసారీ మాట్లాడుకుంటారు. వచ్చే సమావేశంలో గృహరుణాల వాల్యుయేషన్ రిపోర్టు కాపీల విషయం కూడా చర్చకు పెట్టాలని పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల కలెక్టర్లను వేడుకుంటున్నాను. అడిగిన వారికి కాపీ ఇస్తున్న బ్యాంకు శాఖలు ఏవైనా ఉంటే, అక్కడ లోను తీసుకున్న పాఠకులు మీ పత్రికకు రాయండి. మిగతా శాఖల్లో అడగడానికి మాకు అది ఆధారమవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా