సత్యభామ వెళ్ళిపోయింది

ఒసేయ్ వనజా,

ముందు తిట్లన్నీ తిట్టేసుకో. నీ ఉత్తరం సంక్రాంతికి ముందే వచ్చింది, జవాబు ఇప్పుడు రాస్తున్నాను. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇల్లు మారాం, చిన్నాడికి పళ్ళకి క్లిప్పు వేయించాం, మా ఆయన షరా మామూలే. ఇంటి కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను.

సత్యభామని ట్రేడ్ చేసేశారు.

మన సత్యభామనే, ఇక్కడి అమెరికా ఆడవాళ్ళ ఫుట్‌బాల్ లీగ్‌లో మా టీమ్ స్టార్‌ని, ఇంకో టీమ్‌కి ఇచ్చేశారు! అసలు పేరు రాయను, టీమ్ పేరూ రాయను, మా ఆఫీసులో ఇప్పుడు గోడలకి చెవులున్నాయి. ఆ పేరు ఎందుకు పెట్టామో నీకు చెప్పక్కర్లేదుగా, కిరీటం సంగతి ఎత్తితే ఇప్పటికీ నవ్వు ఆగదు నాకు. స్టేడియం బయట మూడంతస్తుల బొమ్మ ఆమెదే. సీజన్ టికెట్ కవరు మీద ఆమె, సిటీ బస్సుల పక్కన ఆమె, ఆఖరికి పార్కింగ్ రసీదు వెనకాల కూడా ఆమే. మార్చిలో సీజన్ మొదలు. ఇప్పుడు పంపేశారు.

మంగళవారం పొద్దున ఇంకా కాఫీ కూడా తాగలేదు. మా బాస్ (అదే, మన ఉప్మా కెప్టెన్‌కి అన్నయ్య లాంటివాడని చెప్పానే) తలుపు వేసి మరీ చెప్పాడు. సాయంత్రం నాలుగింటికి ప్రకటన, అప్పటిదాకా ఎవరూ నోరు మెదపకూడదు. నాకు ఏడుపు కాదు, ముందు ఈమెయిల్ గుర్తొచ్చింది. సీజన్ టికెట్లు కొన్నవాళ్ళందరికీ మధ్యాహ్నం పన్నెండింటికి సత్యభామ వీడియో వెళ్ళాలి. "మొదటి మ్యాచ్‌కి వస్తారుగా, నా కోసం గట్టిగా అరవాలి మరి" అని చివర్లో కన్ను కూడా కొడుతుంది. అది దానంతటదే వెళ్ళిపోయేలా పెట్టి ఉంది. ఆపాలంటే మా ఈమెయిల్ కుర్రాడికి చెప్పాలి, చెప్తే ఎందుకని అడుగుతాడు, కారణం చెప్పకూడదు. "సౌండ్ బాలేదు, ఆపు" అన్నాను. వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని శ్రద్ధగా విని, "బ్రహ్మాండంగా ఉంది కదా" అంటాడు! చివరికి స్పాన్సర్ లోగో రంగు తేడాగా ఉందన్నాను. లోగో అనేసరికి ఇక్కడ దేవుడొచ్చినా నోరెత్తడు. ఆపేశాడు.

బదులుగా మాకేం వచ్చిందో అడుగు. డబ్బు. ప్లేయర్ కాదు, డబ్బు! దాంతో రేపు మంచి డిఫెండర్లు వస్తారట, ఆట చూసుకునేవాళ్ళ లెక్క వాళ్ళది, అది తప్పని నేననను. కానీ పోస్టర్ మీద డబ్బు ఫోటో వేసి టికెట్లు అమ్మలేం కదే. వెనకటికైతే ట్రేడ్‌లో డ్రాఫ్ట్ పిక్, అంటే కాలేజీ నుంచి వచ్చే కొత్త ప్లేయర్లలో ఒకళ్ళని ఎంచుకునే వంతు, వచ్చేది, ఎవరో కాలేజీ పిల్ల ఫోటో వేసి "రేపటి తార" అని ఊదరగొట్టేవారు. 2024 ఆగస్టులో ప్లేయర్ల సంఘంతో లీగ్ కుదుర్చుకున్న ఒప్పందంలో డ్రాఫ్టే ఎత్తేశారు.

ఆ ఒప్పందంలోనే ఇంకో ముక్క ఉంది, నా గొంతులో వెలక్కాయ పడింది అక్కడే. ఇప్పుడు ప్లేయర్ ఒప్పుకోకపోతే ట్రేడ్ లేదు. అంటే సత్యభామ సరే అంది. సరే అనడమేమిటి, తనే అడిగిందో ఏమో... ఆ సంగతి మాకు చెప్పరు, తెలిసినా మేం బయట అనకూడదు. మొన్న శనివారం స్కూలు పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని ఫోటోలు దిగిందే, అప్పటికి తెలుసా? ఆ వీడియో తీసిన రోజు? సర్లే.

ఒళ్ళు మండిపోయిందనుకో. రాత్రి పడుకోబోతుంటే అమెరికా ప్లేయర్ క్రిస్టెన్ ప్రెస్ గుర్తొచ్చి కాస్త చల్లబడ్డాను. 2018 జనవరి ట్రేడ్ నీకు చెప్పాను, మళ్ళీ చెప్తా, నువ్వు అప్పుడు నిద్రపోతూ విన్నావు. మూడు టీమ్‌లు ఒకే దెబ్బకి తారల్ని మార్చుకున్నాయి. సామ్ కెర్ న్యూజెర్సీ నుంచి చికాగోకి, కార్లీ లాయిడ్ హ్యూస్టన్ నుంచి న్యూజెర్సీకి, ప్రెస్ చికాగో నుంచి హ్యూస్టన్‌కి. ప్రెస్ హ్యూస్టన్ గడప తొక్కలేదు. స్వీడన్ వెళ్ళి ఆడింది, ఆ తర్వాత యూటా టీమ్‌కి వచ్చింది. అంతటితో అయిందా? 2020 చివర్లో కొత్తగా పెట్టిన లూయిస్‌విల్ టీమ్ ఆమె హక్కులు, అంటే ఈ లీగ్‌లో ఆడితే మాకే ఆడాలన్న కాగితం, తీసుకుంది. అప్పుడామె ఇంగ్లండ్‌లో ఆడుతోంది! లూయిస్‌విల్‌కి ఒక్క మ్యాచ్ ఆడకుండానే 2021లో ఆ హక్కులు లాస్ ఏంజెలెస్‌లోని ఏంజెల్ సిటీ చేతికెళ్ళాయి. మనిషి ఒక దేశంలో, ఆమె కాగితం ఇంకో ఊళ్ళో. అలాంటి రోజులు పోయాయంటే సంతోషించాలి కదా. సంతోషించాను. అయినా మండుతూనే ఉంది.

ఇంతకీ ఆ ట్రేడ్‌ని మా మార్కెటింగ్ వాళ్ళ కళ్ళతో చూడవే. కార్లీ లాయిడ్ న్యూజెర్సీలోనే పుట్టి పెరిగిన పిల్ల, 2015 ప్రపంచకప్ ఫైనల్లో హ్యాట్రిక్ కొట్టింది. "మన అమ్మాయి ఇంటికొచ్చింది" అని పోస్టర్ వేస్తే చాలు, ఇంక రాయడానికేం అక్కర్లేదు. ఇచ్చుకున్నదెవర్ని? సామ్ కెర్‌ని. అంతకుముందు ఏడాది 17 గోల్స్, లీగ్‌లో ఉత్తమ ప్లేయర్. సియాటిల్ మీద మూడు గోల్స్ వెనకబడిన మ్యాచ్‌లో ఆమె ఒక్కతే నాలుగు కొట్టి 5-4తో గెలిపించింది. ఆమె చికాగో వెళ్ళి 2018లో, 2019లో కూడా అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది. న్యూజెర్సీ టీమ్ 2018లో 24 మ్యాచ్‌లు ఆడి గెలిచింది ఒక్కటి. లాయిడ్‌ని ఒక్క మాట అనను, అంత ఘోరానికి కారణాలు బోలెడు. కానీ పోస్టర్‌కి పనికొచ్చిన లెక్క గ్రౌండ్‌లో పనికిరాదు, మా వాళ్ళకి ఈ ముక్క ఎక్కదు.

సరే, నాలుగయింది. ప్రకటన వెళ్ళింది. ఫోన్లు!

టికెట్ల డిపార్ట్‌మెంట్‌లో మనుషులు చాలక మమ్మల్నీ కూర్చోబెట్టారు. చేతికొక కాగితం ఇచ్చారు, అందులో ఉన్నదే చదవాలి. "ఇద్దరికీ మేలని ఇరువైపులా అనుకుని..." ఈ ముక్క ఎన్నిసార్లు చదివానో, ఇప్పుడు నిద్రలో లేపినా అప్పజెప్తాను. ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. వాళ్ళ పాపకి పుట్టినరోజుకి తొమ్మిదో నంబరు జెర్సీ కొన్నాడట, ఇంకా కవర్లోంచి తీయలేదట. "ఇప్పుడు ఎవరి పేరున్నది కొనమంటారు, ఎవరు ఉంటారో ఒక్క పేరు చెప్పండి చాలు" అన్నాడు. ఏం చెప్తానే? కాగితంలో దానికి జవాబు లేదు. లాస్ ఏంజెలెస్ వాళ్ళు అలిస్సా థాంప్సన్‌ని హైస్కూల్లో ఉండగానే తీసుకుని మన ఊరి పిల్ల అని ఊరంతా చూపించుకున్నారు, 2025 సెప్టెంబర్లో ఆమె ఇంగ్లండ్‌లోని చెల్సీ టీమ్‌కి వెళ్ళిపోయింది. అదే ఏడాది జనవరిలో శాన్ డియేగో నుంచి నయోమి గిర్మా కూడా ఆ చెల్సీకే, 11 లక్షల డాలర్లకి. ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌లో పది లక్షల డాలర్లు దాటిన మొదటి ట్రాన్స్‌ఫర్ అదే. ఒక పక్క గర్వంగానే ఉంటుంది, మన ప్లేయర్ల విలువ పెరిగిందని. ఇంకో పక్క జెర్సీ అమ్మేవాళ్ళ పాట్లు జెర్సీ అమ్మేవాళ్ళవి. పేరు లేని జెర్సీకి మారుస్తామని చెప్పాను, కాగితంలో లేకపోయినా. తర్వాత అడిగితే చూసుకుందాంలే అని.

ఇంకొకావిడ ఉంది, పెద్దావిడ, ప్రతి మ్యాచ్‌కీ గొడుగు తెచ్చుకుంటుంది, వాన ఉన్నా లేకపోయినా. నన్ను తిట్టడానికే ఫోన్ చేసిందనుకున్నాను. ఆవిడే నన్ను ఓదార్చింది! "ప్లేయర్ పోయిందని ఏడుస్తున్నావా అమ్మాయ్, నేను లీగులు పోవడం చూశాను" అంది. 2001లో మొదలైన లీగు 2003లో మూతపడిందట, అదీ ఇక్కడే ప్రపంచకప్ మొదలవబోతుండగా. తర్వాత 2009లో ఇంకోటి. అందులో బ్రెజిల్ ప్లేయర్ మార్తా కథ విను. 2009లో లాస్ ఏంజెలెస్‌కి ఆడింది, సీజన్ అవగానే టీమ్ మూసేశారు. 2010లో కాలిఫోర్నియాలోనే ఇంకో టీమ్, కప్పు కొట్టారు, దాన్నీ మూసేశారు. 2011లో న్యూయార్క్ వైపు టీమ్, మళ్ళీ కప్పు. మరుసటేడు లీగే లేదు! ప్రపంచంలోకెల్లా గొప్ప ప్లేయర్‌ని పోస్టర్ మీద పెట్టుకున్న టీమ్‌ల గతి అది. అదే మార్తా 38 ఏళ్ళ వయసులో ఓర్లాండో కెప్టెన్‌గా 2024 కప్పు ఎత్తింది, అది వేరే సంగతి, దాని గురించి ఇంకో ఉత్తరం రాయాలి.

ఇప్పుడు బొమ్మల సంగతి. ఇది చెప్పడానికే ఈ ఉత్తరం అనుకో.

ఇక్కడ బాబుల్‌హెడ్ అని ఒక బొమ్మ పంచుతారు, ముందొచ్చిన వాళ్ళకి ఉచితం. చిన్న ఒంటి మీద పెద్ద తల, స్ప్రింగు మీద ఊగుతుంది, అచ్చం మన తంజావూరు బొమ్మే. అవి ఎప్పుడో ముందే చైనాకి ఆర్డర్ ఇస్తే గానీ రావు. బుధవారం పొద్దున, ట్రేడ్ అయిన మర్నాడు, లారీ వచ్చింది. అన్నీ సత్యభామలే! వేలకి వేలు. ఒక పెట్టె తెరిచి చూశాను. వరసగా నిలబడి, మా జెర్సీలో, ఒక కాలు బంతి మీద పెట్టి. జడ కూడా సరిగ్గా అలాగే, ఎడమ పక్కకి. పెట్టె కదిపేసరికి అన్నీ ఒకేసారి తలాడించాయి, అవునవును, వెళ్తున్నాను, వెళ్తున్నాను అన్నట్టు. నేనూ ఆ గోడౌన్ కుర్రాడూ కింద కూర్చుని నవ్వాం చూడు, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మంగళవారం రాని ఏడుపు కూడా అందులోనే కలిసి వచ్చిందనుకుంటా.

బాస్ చెత్తలో పారేయమన్నాడు. నేను వద్దన్నాను. ఆమె కొత్త టీమ్ ఈ ఏడాదే మా గ్రౌండ్‌కి వస్తుంది కదా, ఆ రోజు పంచుదాం అన్నాను. "అవతలి టీమ్ ప్లేయర్ బొమ్మ మన గేటు దగ్గర పంచుతామా? పిచ్చా నీకు?" అని గంతులేశాడు. వెంటనే ఎప్పుడూ చెప్పే అలెక్స్ మోర్గన్ కథ ఎత్తుకున్నాడు. 2015 సీజన్ అయ్యాక పోర్ట్‌లాండ్ నుంచి ఓర్లాండోకి వెళ్ళింది, అది కొత్త టీమ్, 2016 ఏప్రిల్లో మొదటి హోమ్ మ్యాచ్‌కి 23,403 మంది వచ్చారు, అప్పటికి లీగ్ రికార్డు. "ఒక్క మొహం చాలు స్టేడియం నిండడానికి, ఆ మొహం కొత్తది వెతుకుదాం" అంటాడు.

అవతలి ఊరు ఏమైందో చెప్పడే! మోర్గన్ వెళ్ళిపోయిన మర్నాటి ఏడాది పోర్ట్‌లాండ్‌లో జనం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగారు. అక్కడ గోల్ పడితే ఎర్ర పొగ వదులుతారు, ఉత్తరం వైపు స్టాండులో డప్పులు, పాటలు, మ్యాచ్ అయ్యేదాకా ఎవరూ కూర్చోరు. జనం ఆ స్టాండు కోసం వస్తారు, ఎవరున్నా లేకపోయినా. ఓర్లాండోలో ఆ మొదటి రోజు సంఖ్య తర్వాతి ఏళ్ళలో నిలవలేదు. ఇదంతా ఒక్క గుక్కలో అనేశాను. మీటింగ్‌లో పిన్ డ్రాప్ సైలెన్స్. ఉప్మా రోజు మెస్‌లో నువ్వు లేచి మాట్లాడినప్పుడు వచ్చిందే, ఆ సైలెన్స్.

మొహం అక్కర్లేదని కాదే నా గోల. మొహమే కావాలి, చిన్న పిల్లలు టీమ్‌ని కాదు, మనిషిని చూసే వస్తారు. మనమూ అంతే కదా, జిల్లా టీమ్ కోసం వెళ్ళామా, ఆ... సరే ఆ పేరు వద్దు. కాకపోతే గోడ నిండా ఒక్కళ్ళే ఉంటే వాళ్ళు వెళ్ళిన రోజు గోడ ఖాళీ. మా గోల్‌కీపర్ ఎంత బాగా మాట్లాడుతుందో తెలుసా? ఇన్నేళ్ళలో ఒక్క వీడియో తీయలేదు ఆమె మీద.

చివరికి మమ్మల్ని గెలిపించింది టికెట్ల లెక్క. ట్రేడ్ వార్త వచ్చాక అన్నిటికంటే జోరుగా అమ్ముడవుతున్నది ఆ మ్యాచే! తిట్టడానికి వచ్చేవాళ్ళు సగం, చప్పట్లు కొట్టడానికి వచ్చేవాళ్ళు సగం, అందరూ డబ్బిచ్చే వస్తారు. బాస్ ఇప్పుడు ఆ ఐడియా తనదే అన్నట్టు తిరుగుతున్నాడు. తిరగనీ. ఇక మిగిలిన గొడవల్లా బొమ్మలు మ్యాచ్‌కి ముందు ఇవ్వాలా తర్వాత ఇవ్వాలా అని. ముందు ఇస్తే, ఆమె గోల్ కొట్టిందంటే జనం వాటిని గ్రౌండ్‌లోకి విసురుతారని సెక్యూరిటీ వాళ్ళ భయం. తర్వాత ఇస్తే గేటు దగ్గర తొక్కిసలాట అవుతుందని ఇంకొకళ్ళ భయం. దాని మీదే ఇంకాసేపట్లో మీటింగ్.

మీ పిల్లల సెమీఫైనల్ ఏమైంది? ఆ లెఫ్ట్ వింగ్ పిల్లని పక్క స్కూలు వాళ్ళు లాక్కుపోతారేమోనన్నావు, పోయిందా ఉందా? రాయి. మీ హెడ్మాస్టర్‌తో గొడవ సంగతి కూడా వివరంగా

అదిగో పిలుస్తున్నారు. అన్నట్టు, నిన్న రాత్రి సత్యభామ మెసేజ్ పెట్టింది. బొమ్మలు రెండు వాళ్ళమ్మకి పంపమని! ఎంత ధైర్యమో చూడు. పంపాలా వద్దా నువ్వే చెప్పు, నేను ఇంకా జవాబివ్వలేదు. ఉంటానే.

నీ
లలిత