నా బాకీ ముందు తీర్చకు తల్లీ

తల్లీ,

నువ్వు అడిగిన రెండింటికీ ముందే జవాబు చెప్పేస్తున్నాను. ఇల్లు నా పేరున రాస్తానన్నావు, వద్దు. దివాలా పిటిషన్ వేసేలోపు నా దగ్గర తీసుకున్న డబ్బయినా తిరిగిచ్చేస్తానన్నావు, అదీ వద్దు. పంపితే ఆ రోజే మళ్లీ నీ ఖాతాలో వేసేస్తాను. ఇది కోపంతో అంటున్న మాట కాదు. నా ఉద్యోగమంతా బ్యాంకులో లోన్ల సెక్షన్‌లోనే గడిచింది. అప్పులు మీదపడ్డాక భయంతో చేసిన పనులే తర్వాత మెడకు చుట్టుకోవడం చాలామంది విషయంలో చూశాను. నీకు ఆ గతి పట్టకూడదు.

దివాలా కోర్టు పిటిషన్ వేసిన రోజు నుంచి ముందుకే కాదు, వెనక్కి కూడా చూస్తుంది. నీ దగ్గర ఉన్న కాస్తా అప్పులవాళ్లందరికీ వాటాల ప్రకారం పంచాలన్నది అక్కడి పద్ధతి. అందులో ఒకరికి, అదీ కన్నతల్లికి, ముందే ముట్టజెప్పేస్తే మిగతావాళ్ల వాటా తగ్గినట్టే కదా. అమెరికాలో పిటిషన్‌కు ముందు 90 రోజుల్లో ఇలా కట్టినదాన్ని వెనక్కి రాబట్టవచ్చు, దగ్గరి బంధువులకు కట్టి ఉంటే ఏడాది వెనక్కి వెళతారు. ఇంగ్లండులో బయటివాళ్లకు 6 నెలలు, బంధువులకు 2 ఏళ్లు. 1920 నాటి ఇండియా దివాలా చట్టంలో ఒకరికి పక్షపాతంగా కట్టినదానికి 3 నెలలు, ఊరికే రాసిచ్చిన ఆస్తికి 2 ఏళ్లు. గడువులు ఎక్కడికక్కడ వేరు, ఉద్దేశం మాత్రం ఒకటే. నువ్వు నాకు పంపిన డబ్బు కోసం రేపు కోర్టు నియమించిన అధికారి నా మీదే కేసు వేస్తాడు. ఇల్లు రాసిచ్చినా అంతే, ఆ దస్తావేజు చెల్లదంటారు. పైగా ఆస్తి దాచిందన్న కారణంతో నీ అప్పులు మాఫీ చెయ్యడం కుదరదని కోర్టు అనేయవచ్చు. అప్పుడు ఇల్లూ పోతుంది, అప్పులూ మిగులుతాయి.

ఈ విషయం నీకు బాగా ఎక్కాలని ఒక పాత చట్టం గురించి చెబుతాను. ఇంగ్లండులో దివాలా తీసిన వ్యాపారి ఆస్తి అంతా లాక్కున్నా మిగిలిన బాకీ అతని నెత్తినే ఉండేది. 1705లో తెచ్చిన చట్టంతో, ఉన్నదంతా నిజాయితీగా అప్పగించి, అడిగినదానికి జవాబు చెప్పిన వ్యాపారికి మిగతా బాకీ నుంచి విముక్తి ఇవ్వడం మొదలుపెట్టారు. అదే చట్టంలో, ఆస్తి దాచి మోసం చేసినవాడికి మరణశిక్ష అని కూడా రాశారు. ఆ శిక్ష ఏనాడో పోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్లకే విముక్తి అన్న షరతు మాత్రం అలాగే ఉంది.

అందుకే 'ఐపీ పెట్టింది అని నలుగురూ అంటారేమో అమ్మా' అని నువ్వు రాసిన మాట నన్ను బాధపెట్టింది. ఉన్న ఆస్తి బంధువుల పేర్న రాసేసి, అప్పులవాళ్ల మొహాన ఐపీ కాగితం కొట్టినవాళ్ల వల్ల ఆ మాటకు చెడ్డపేరు వచ్చింది. నువ్వు అలా చెయ్యడం లేదు, చెయ్యనివ్వను కూడా. లెక్కలన్నీ కోర్టు ముందు పెట్టి, ఇక నా వల్ల కాదని చెప్పుకునే హక్కు నీకు చట్టం ఇచ్చింది. ఆ హక్కు వాడుకుంటే తప్పు చేసినట్టు ఎవరన్నా అంటే, వాళ్లతో నేను మాట్లాడతాను.

ఇక నీ లిస్టు. అప్పిచ్చినవాళ్ల పేరు, నెలకు కట్టేది రాశావు. వడ్డీ ఎంత, తాకట్టు ఏం పెట్టావు, ఎవరు ష్యూరిటీ సంతకం చేశారు అన్నవి రాయలేదు. ఆ మూడూ లేకుండా ఏ లాయరూ నీకు సలహా ఇవ్వలేడు. మూడో వరసలో క్రెడిట్ కార్డుకు ఎదురుగా 'మినిమం కడుతున్నా' అని రాశావు చూడు, అక్కడ ఆగాను. లెక్క కోసం బాకీ 100 అనుకో. వడ్డీ నెలకు 3 శాతం, మినిమం 5 శాతం అయితే, నువ్వు కట్టిన 5లో 3 వడ్డీకే పోతాయి, అసలులో తగ్గేది 2. బాకీ తగ్గేకొద్దీ మినిమం కూడా తగ్గుతుంది కాబట్టి అసలు ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. నెలకు 3 అంటే చిన్నగా కనిపిస్తుంది, వడ్డీ మీద వడ్డీ కలిపితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఆరో వరసలోని యాప్ లోను తీసుకున్నది నాలుగో వరస కిస్తీ కట్టడానికేనని తేదీలు చూస్తేనే తెలుస్తోంది. ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కట్టడం మొదలైందంటే, మన రాబడి ఆ అప్పును మోయలేకపోతోందని అర్థం.

కాబట్టి ఈ లెక్క వెయ్యి. తాకట్టు లేని అప్పులన్నీ ఒకచోట కూడు. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, మందులు, ఇంటి లోను కిస్తీ పోగా నెలకు నిజంగా ఎంత మిగులుతుందో రాయి. మిగలాలని నువ్వు అనుకునేది కాదు, పోయిన ఆరు నెలల్లో మిగిలినది. దాన్ని 60తో గుణించు. ఐదేళ్లన్నమాట. అమెరికా చట్టంలో 13వ అధ్యాయం కింద ఆదాయం ఉన్నవాళ్లు కోర్టు ఒప్పుకున్న ప్లాను ప్రకారం 3 నుంచి 5 ఏళ్లు కడతారు, అంతకు మించి మనిషిని కట్టెయ్యకూడదని అక్కడ అనుకున్నారు. నాకూ అది న్యాయమే అనిపిస్తుంది. రేపటి నుంచి వడ్డీ మొత్తం ఆగిపోయిందనుకున్నా నీ ఐదేళ్ల మిగులు అసలుకు చాలకపోతే, అది నువ్వు తీర్చగలిగే అప్పు కాదు. చాలుతుందంటే మాత్రం కోర్టుకు వెళ్లే ముందు అప్పులవాళ్లతో మాట్లాడి చూడు. గడువు పెంచమని, వడ్డీ తగ్గించమని కాగితం మీద అడుగు. ఫోన్‌లో ఎవరో 'సరే మేడమ్' అన్నది నమ్మొద్దు, జవాబు కూడా కాగితం మీదే తీసుకో.

బొటిక్ మాట చెప్పక తప్పదు. అద్దె, జీతాలు పోగా నెలనెలా చేతి నుంచే పడుతోందని నీ లెక్కలే చెబుతున్నాయి. అది నడుస్తుండగా దివాలా పిటిషన్ వెయ్యడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. మాఫీ అయ్యేవి పాత బాకీలు. కేసు మొదలయ్యాక చేసిన కొత్త అప్పుకు ఆ రక్షణ ఉండదు. ముందు దాన్ని ఆపాలి. పిల్లలా పెంచుకున్నావు, నాకు తెలుసు. నీ చేతిలో పని ఎక్కడికీ పోదు. కుట్టు మిషన్ల గురించి లాయరును ప్రత్యేకంగా అడుగు. బతుకుతెరువుకు కావలసిన పనిముట్లను చాలా దేశాల చట్టాలు ఏదో ఒక హద్దు వరకు జప్తు నుంచి మినహాయిస్తాయి. ఒంటిమీది బట్టలు, పడకలు, వంట సామాను కూడా అంతే. పీఎఫ్, పెన్షన్ లాంటి డబ్బుకూ సాధారణంగా రక్షణ ఉంటుంది. అందుకే చెబుతున్నాను, కార్డు బాకీ కోసం పీఎఫ్ ముట్టుకోకు. రేపు ఎలాగూ మాఫీ అయ్యే బాకీకి, ఎవరూ లాక్కోలేని డబ్బు పోస్తావా?

ఇల్లు తాకట్టు పెట్టి అన్ని అప్పులూ ఒకే లోను చేసుకోమని ఎవరో సలహా ఇచ్చారన్నావు. వడ్డీ తగ్గే మాట నిజమే. కానీ కార్డువాడికి ఈరోజు నీ ఇంటి మీద నేరుగా హక్కు లేదు. ఆ బాకీని నువ్వే తీసుకెళ్లి ఇంటికి తగిలిస్తావు. తాకట్టు ఉన్న అప్పును దివాలా కూడా ఇల్లు వదిలేలా చెయ్యలేదు. నీ మీద బాకీ పోయినా తాకట్టు మీద వాళ్ల హక్కు నిలిచే ఉంటుంది. ఆ సలహాకు చెవి ఒగ్గకు.

ఇప్పుడు తమ్ముడి సంగతి. ఇది రాయడానికే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది. బొటిక్ లోనుకు వాడు ష్యూరిటీ సంతకం పెట్టాడు. నీకు దివాలాలో విముక్తి వస్తే అది నీ ఒక్కదానికే. వాడి సంతకం అలాగే ఉంటుంది. నిన్ను అడగడం ఆపిన బ్యాంకు వాడికి నోటీసు పంపుతుంది, మొత్తం బాకీకి. అమెరికా అయినా ఇంగ్లండు అయినా ఇండియా అయినా ఇందులో తేడా లేదు. వాడికి ఇంకా తెలియదని నాకు అర్థమైంది. నోటీసు వచ్చిన రోజు తెలిస్తే డబ్బు పోవడం కన్నా నువ్వు చెప్పలేదన్న బాధే వాడిని ఎక్కువ కాలుస్తుంది. లాయరు దగ్గర సంతకం పెట్టే ముందే వాడికి చెప్పు. నా ద్వారా కాదు, నువ్వే చెప్పు. కలిసి బ్యాంకుకు వెళ్లండి. కిస్తీలు ఇంకా పూర్తిగా తప్పలేదు కాబట్టి గడువు పెంచి, వాడు మోయగలిగేలా చెయ్యమని అడగడానికి వీలుంది. వాడిని తప్పించడానికి ఆ ఒక్క లోను ముందుగా కట్టెయ్యాలని మాత్రం అనుకోకు. అది కూడా ఒకరికి పక్షపాతం చేసినట్టే లెక్కకు రావచ్చు. మీరిద్దరూ నా పిల్లలే. నిన్ను బయటపడేయడానికి వాడిని చీకట్లో ఉంచలేను, వాడి కోసం నిన్ను జీవితమంతా ఆ కార్డుల కింద నలగమనలేను.

అల్లుడుగారికి మొత్తం లెక్క తెలుసా? కొంత తెలుసు అని రాశావు. యాప్ లోన్లతో సహా అన్నీ చూపించు. ఉమ్మడిగా సంతకం చేసినవి ఏవైనా ఉంటే ఆయన మీదికి కూడా వస్తాయి.

నువ్వు చూసిన వీడియోల గురించి. ఒకటి నాలుగు నెలల్లో అయిపోతుందంటుంది, ఇంకొకటి ఏడాది అంటుంది, మరొకటి జీవితాంతం మచ్చ అంటుంది. ఒక్కొక్కరు ఒక్కో దేశం చట్టం చెబుతున్నారు. నాలుగు నెలల మాట అమెరికాలో 7వ అధ్యాయం గురించి. ఏడాది ఇంగ్లండుది, అక్కడ సాధారణంగా 12 నెలలకు బాకీల నుంచి విడుదల వస్తుంది. ఇండియా 1920 చట్టంలో విడుదల దానంతట అది రాదు. కోర్టు ఇచ్చిన గడువులోగా దరఖాస్తు పెట్టుకోవాలి, మర్చిపోతే దివాలా ఆర్డరే రద్దు కావచ్చు. వసూలు ఫోన్లు ఆగడం కూడా అంతే. అమెరికాలో పిటిషన్ వేసిన వెంటనే ఆగాలి, కొన్ని చోట్ల ఆర్డరు వచ్చాకే. నీకు వర్తించేది నువ్వు ఉంటున్న చోటి చట్టం. దివాలా కేసులు చేసే లాయరును వెతుక్కో, తెలిసిన లాయరు కదా అని భూతగాదాలు చూసేవాడి దగ్గరికి పోకు. ఏ అప్పులు మాఫీ కావో మొదటి రోజే అడుగు. మోసంతో చేసిన అప్పు, భరణం సాధారణంగా పోవు. పన్ను బాకీలు, చదువు లోన్లు చోటును బట్టి.

మచ్చ మాట నిజమే. అమెరికాలో ఆ రికార్డు 10 ఏళ్ల వరకు ఉండవచ్చు, ఇంగ్లండులో 6. కానీ కిస్తీలు తప్పిన రికార్డు నీకు ఇప్పటికే పడింది. ఇంకా ఐదేళ్లు ఇలాగే లాగితే ఆ మచ్చా ఉంటుంది, అప్పూ ఉంటుంది.

నా మనసులో మాట అడిగావు. నీ అంకెలు నేను చదివినంతలో, 60తో గుణించినా అది సగానికి కూడా రాదు. బొటిక్ ఆపి, తమ్ముడితో మాట్లాడి, పిటిషన్ వెయ్యడమే మంచిదని నా నమ్మకం. నిద్ర పట్టడం లేదన్నావు. ఇంకా ఏళ్లకేళ్లు అలా గడపొద్దు తల్లీ. రాత్రిపూట మనసు మరీ బరువెక్కితే టైము చూడకుండా నాకు ఫోన్ చెయ్యి. అప్పుల మాట మాట్లాడకపోయినా సరే, నేను లైన్లో ఉంటాను.

ఈలోపు కొత్త అప్పు ఒక్కటి కూడా చెయ్యకు. కార్డు మీద కొనుగోళ్లు ఆపెయ్యి. తీర్చే ఆలోచన లేకుండా వాడింది అంటారు. ఒక్క కాగితం పారెయ్యకు.

అప్పులవాళ్ల లిస్టు తిరగరాసేటప్పుడు నా పేరు కూడా పెట్టు. ఇప్పుడు వదిలేశావు, అలా వదలకూడదు, అందరినీ చూపించాలి. 'అమ్మ' అని కాకుండా పూర్తి పేరు, ఇచ్చిన తేదీ, మొత్తం రాయి. మన మధ్య నోటు లేదు కాబట్టి డబ్బు నీ ఖాతాకు వెళ్లిన నెల బ్యాంకు స్టేట్‌మెంటు దీనితో పంపుతున్నాను. మిగతావాళ్లతో పాటు నాకు ఎంత వస్తే అంతే తీసుకుంటాను, ఏమీ రాకపోయినా నాకు అభ్యంతరం లేదు.

ఆశీస్సులతో,
అమ్మ