చేతులు తెలియడం లేదన్నావు

చిన్నీ,

మొన్న ఆదివారం కెనడా నుంచి ఫోన్‌లో ఓ మాటన్నావు. "ఎడ్మంటన్ చలి అలవాటైపోయింది నాన్నా, మొదట్లో వేళ్ళు మంటలు పుట్టేవి, ఇప్పుడు బస్‌స్టాప్‌లో ఎంతసేపు నిలబడ్డా చేతులు తెలియడమే లేదు" అని. మీ అమ్మ సంతోషించింది. నాకా రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సర్లే నాన్నా" అంటావని కాగితం మీద పెడుతున్నాను.

నొప్పి పెట్టినంతసేపూ వేళ్ళు మనకి కబురు పంపుతున్నట్టేనమ్మా. చర్మం సుమారు 10 డిగ్రీల కిందికి చల్లబడేసరికి నరాలు కబురు పంపడం మానేస్తాయి. వేళ్ళు మొద్దుబారడం అంటే అదే. అలవాటు కాదు.

1998లో సియాచిన్‌లో మూడు నెలలు పోస్టు మీద ఉన్నాను. 18,000 అడుగుల పైన, రాత్రిళ్ళు మైనస్ 40. అక్కడ మొదట పోయేది వాసన. గడ్డకట్టిన వాటిలోంచి వాసన లేవదు కదా. లోపల కిరోసిన్ పొగ, బయటికొస్తే ఏమీ లేదు. సెలవు మీద తాడేపల్లిగూడెంలో దిగగానే ఉల్లిపాయల మార్కెట్ ఘాటు ముక్కుకు తగిలి, స్టేషన్ బయటే నిలబడి ఏడ్చాను. నీరసం అనుకుని మీ తాతయ్య సోడా కొనిచ్చారు.

తర్వాత కళ్ళు. మబ్బు కమ్మిందంటే నింగీ నేలా ఒకటే తెలుపు. నీడ ఉండదు. నీడ లేకపోతే ఏది ఎంత దూరంలో ఉందో తెలియదు. ఓసారి అల్లంత దూరాన ఎవరో కూలబడి ఉన్నాడనుకుని కేకేశాను. నాలుగడుగులు వేస్తే మావాడెవడో పారేసుకున్న చేతితొడుగు!

చెవులదీ అంతే. గాలి లేని రాత్రి నేలనంటుకున్న గాలి పైదానికంటే చల్లగా ఉంటుంది, దాంతో చప్పుడు పైకి పోకుండా కిందికి వంగుతుంది. ఎక్కడో కింద ఎవరైనా దగ్గితే నా వెనకే దగ్గినట్టుండేది. ఎక్కడో పోయే రైలు కూత మీ కిటికీ కిందే వినిపిస్తోందన్నావే, అదీ ఇదే.

ఓపీ బాబా అంటే సియాచిన్‌లో చనిపోయినా ఇప్పటికీ జవాన్లను కాపాడుతుంటాడని మేం నమ్మే సిపాయి. పైకెళ్ళేముందు ఆయన గుడిలో రిపోర్టు చేస్తాం, దిగాక మళ్ళీ చేస్తాం. సెంట్రీ డ్యూటీలో ఒక రాత్రి పక్కన ఎవరో నిలబడ్డట్టు నాకూ అనిపించింది. 1916లో అంటార్కిటికా యాత్రికుడు షాకిల్టన్, ఇంకో ఇద్దరూ దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవి మంచుకొండలు దాటుతుంటే, తమతో నాలుగో మనిషి నడుస్తున్నట్టు ఆ ముగ్గురికీ అనిపించిందట. అది చలో, నిద్రలేమో, మా విషయంలో ఆక్సిజన్ తక్కువో, నన్నడగకు. దణ్ణం మాత్రం పెట్టుకున్నాను.

ఇవన్నీ కబుర్లు. అసలు సంగతి వేరే. ఒంటి వేడి 37 నుంచి 35 కిందికి జారితే బుద్ధి మందగిస్తుంది, మందగించిందన్న సంగతి ఆ బుద్ధికే తెలియదు. మాట తడబడుతుంది. ఇంకా జారితే వణుకు ఆగిపోతుంది, హమ్మయ్య అనిపిస్తుంది. బిగుసుకున్న రక్తనాళాలు ఒక్కసారి వదులైతే ఒళ్ళు కాలిపోతున్నట్టుండి కొందరు బట్టలు కూడా విప్పేస్తారు. మా జట్టులో ఒకడు మంచులో నిలబడి "ఉక్కగా ఉంది" అంటూ కోటు జిప్పు లాగాడు. మా హవల్దారు వాడిని తిట్టుకుంటూ ఈడ్చుకెళ్ళి స్లీపింగ్ బ్యాగులో కుక్కాడు కాబట్టి బతికాడు. ఇప్పుడు మనవలున్నారు.

అందుకే అక్కడ గంటకోసారి ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. ముక్కు కొస తెల్లబడితే మనకు తెలియదు, పక్కవాడికి కనబడుతుంది. నువ్వా బస్‌స్టాప్‌లో ఒక్కదానివే నిలబడతావు. అదే నా బాధ.

బొటనవేలితో చిటికెన వేలు ముట్టుకుని చూసుకుంటూ ఉండు. అందకపోతే బస్సు పోతే పోయింది, ఏదో ఒక కొట్లోకి దూరు. ఇంకోటి: ఒళ్ళు చల్లబడితే లోపలి గడియారం కూడా నెమ్మదిస్తుంది. నిమిషమని మనం లెక్కపెట్టింది అసలు గడియారంలో నిమిషం దాటిపోతుంది. సెంట్రీ మారేటప్పుడు మేమిది సరదాగా ఆడేవాళ్ళం.

రేపటి నుంచి బస్సెక్కగానే ఫోన్ చెయ్యి. ఇక్కడ రాత్రయినా ఫరవాలేదు. హలో కూడా వద్దు, ఒకటి నుంచి అరవై దాకా లెక్కపెట్టు. నేను వాచీ పట్టుకుని కూర్చుంటాను.

మీ నాన్న