నాన్న మంచం చుట్టూ నిలబడ్డ వాళ్ళందరికీ

మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో అందరికీ వందనాలు.

పక్షవాతం వచ్చి మంచం పట్టిన నాన్నకి ఇప్పుడు బాగుంది. చేతికర్ర పట్టుకుని హాల్లోంచి వరండా దాకా నడుస్తున్నారు. ఎడమచేత్తో అన్నం తనే కలుపుకుని తింటున్నారు. మాట ఇంకా పూర్తిగా రాలేదు కానీ "అమ్మా", "నీళ్ళు", "ఆమెన్" స్పష్టంగా అంటున్నారు. ఎలా ఉన్నారని రోజూ ఫోన్ చేస్తున్న వాళ్ళకి ఈ కబురు చెప్పాలి. చేసిన సాయానికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అందుకే ఇది రాస్తున్నాను.

పేర్లు మాత్రం రాయడం లేదు. సాయం చేసినవాళ్ళలో చాలామంది "మా పేరెత్తకు తల్లీ" అని ముందే మాట తీసుకున్నారు. కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట వాళ్ళు గట్టిగా పట్టుకున్నవాళ్ళు. పేరు దాచగలను కానీ వాళ్ళు చేసిన పనిని దాచడం నాకు చేతకాదు.

మొట్టమొదట మా పక్కింటి అన్నయ్యకి. ఆర్టీసీలో కండక్టర్. తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరుతూ, గేటు దగ్గర పాల ప్యాకెట్ తీసుకుంటున్న నాన్నని పలకరించాడు. నాన్న మాట ముద్దగా వచ్చింది. "బాబాయ్, మూతి పక్కకి పోతోందేంటి? రెండు చేతులూ పైకెత్తు" అన్నాడు. కుడిచేయి లేవలేదు. అంతే, ఆ రోజు డ్యూటీ మానేశాడు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సులో తనే కూర్చుని గాజువాక నుంచి విశాఖపట్నంలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్ళాడు. పక్షవాతంలో మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డని కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. అది కూడా సీటీ స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదని చూసుకున్నాకే. ఆ టైమ్ నాన్నకి దక్కిందంటే ఈ అన్నయ్య వల్లే. ఆయన సింహాద్రి అప్పన్న భక్తుడు, ఆషాఢ పౌర్ణమికి ఏటా గిరి ప్రదక్షిణ చేస్తాడు. నాన్న ప్రాణం కోసం దేవుడు ముందుగా వాడుకున్న చేయి ఆయనదే అని నేను నమ్ముతున్నాను. ఆయనతోనూ అదే అన్నాను. "ఏ దేవుడైతేనేం, బాబాయ్ బాగుండాలి" అన్నాడు.

నాన్న సంగతి తెలియని వాళ్ళకి రెండు మాటలు. షిప్‌యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరయ్యారు. జీతం తీసుకున్నది ఆ పనికే అయినా ఆయన మనసంతా సువార్త మీదే. డ్యూటీ దిగాక చేతిసంచిలో కరపత్రాలు, చిన్న సువార్త పుస్తకాలు పెట్టుకుని గాజువాక జంక్షన్‌లోనో కూర్మన్నపాలెం బస్టాపులోనో నిలబడేవారు. తీసుకుంటే వందనం చెప్పేవారు, వద్దంటే నవ్వి ఊరుకునేవారు. వెంటపడి ఇవ్వడం ఆయనకి గిట్టదు. "ఇన్నేళ్ళు పంచారు కదా, ఎంతమంది మారారు?" అని మా చుట్టాల్లోనే కొందరు అడిగేవాళ్ళు. అప్పుడు ఆయన చెప్పే కథ ఒక్కటే. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో మన విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు. ఆనందరాయర్ అనే ఆయన తోడ్పాటుతో సువార్తల్ని తెలుగు చేసే పనిలో పడ్డారు. క్రాన్ 1809లో పోయాడు, డెస్ గ్రాంజెస్ 1810లో. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయింది 1812లో. "అచ్చు పుస్తకాన్ని ఆ ఇద్దరూ చేత్తో పట్టుకోనేలేదు. లెక్క అడిగితే వాళ్ళేం చెబుతారు?" అనేవారు నాన్న.

అలాంటి మనిషికి మాట పడిపోయింది. ఎడమవైపు మెదడుకి దెబ్బ తగిలితే కుడి చేయి, కుడి కాలుతో పాటు చాలామందికి మాట కూడా పోతుందని డాక్టర్‌గారు చెప్పారు. నాన్నకి మింగడం కూడా కష్టమైంది. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని ముక్కులోంచి పైపు వేశారు. అమ్మకి షుగర్, మోకాళ్ళ నొప్పులు. తమ్ముడు దుబాయ్‌లో. నాకు టెన్షన్‌తో కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆ సాయంత్రమే మా సంఘం స్త్రీల కూడిక నడిపే పెద్దమ్మ వచ్చారు. ఆవిడ మిషన్ కుట్టుకుని బతికే మనిషి. ప్రార్థన చేసి, నా చేతిలోంచి పైపు ఫీడింగ్ కాగితం తీసుకుని చదివారు. ఎన్నింటికి ఏం ఇవ్వాలో నర్సమ్మని అడిగి తెలుసుకున్నారు. రాత్రికల్లా వాట్సాప్‌లో డ్యూటీ లిస్టు వచ్చేసింది. పగలు ఇద్దరు ఆడవాళ్ళు, రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు. ఆ కుర్రాళ్ళలో ఒకడు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు, షిఫ్టు దిగి నేరుగా వార్డుకి వచ్చేవాడు.

మంచం పట్టిన మనిషికి చేయాల్సిన పని బయటివాళ్ళకి కనిపించదు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర చర్మం కమిలి పుండు పడుతుంది. అది పడిందంటే మానడానికి నెలలు. తిప్పేటప్పుడు కూడా లాగకూడదు, ఈడిస్తే చర్మం రేగిపోతుంది. పెద్దమ్మ ఇంటినుంచి మెత్తబడిన పాత నూలు చీర తెచ్చారు. నాలుగు మడతలు వేసి నాన్న నడుం కింద పరిచారు. చెరోవైపు ఇద్దరు ఆ మడతని పిడికిళ్ళతో బిగించి పట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అని ఒక్కసారే ఎత్తి పక్కకి జరిపేవాళ్ళు. మోకాళ్ళ మధ్య ఒక తలగడ, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకోటి. వీపు మీద ఎక్కడైనా ఎర్రబడిందేమోనని సెల్‌ఫోన్ లైటు వేసి చూసేవాళ్ళు. పైపులో జావ పోసేటప్పుడు తల ఎత్తిపెట్టి, పోశాక అరగంట దాకా అలాగే ఉంచేవాళ్ళు. మలమూత్రాలు తీసి, గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, తడి లేకుండా ఆరబెట్టేవాళ్ళు. ఇదంతా సొంత కూతురిగా నేను చేయాల్సిన పని. "నువ్వు కాసేపు పడుకో తల్లీ" అని నన్ను వరండాలోకి పంపి వాళ్ళు చేశారు. నాన్నకి ఒక్క పుండు పడలేదు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్‌గారు నాన్న వీపు చూసి పెద్దమ్మని మెచ్చుకున్నారు.

ఇక పక్క మంచం సంగతి. నేను ఇది రాయడానికి అసలు కారణం అదే.

పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక మనిషి ఆ మంచం మీద ఉన్నాడు. ఆయనదీ పక్షవాతమే, వయసు నాన్న కంటే బాగా తక్కువ. తోడు భార్య ఒక్కతే. ఈ ఊళ్ళో వాళ్ళకి తెలిసినవాళ్ళు లేరు. ఒంటిచేత్తో ఆవిడ భర్తని తిప్పలేకపోతుంటే పెద్దమ్మ ఏమీ అడక్కుండా వెళ్ళి రెండోవైపు పట్టుకున్నారు. మర్నాటి నుంచి డ్యూటీ లిస్టులో ఉన్నవాళ్ళంతా నాన్నని తిప్పిన వెంటనే ఆయన్నీ తిప్పేవాళ్ళు. మాకు క్యారేజీ తెచ్చినవాళ్ళు ఆవిడకీ తెచ్చేవాళ్ళు. ఒకరోజు ఆవిడ ఉండబట్టలేక అడిగింది: "మేం మీకు ఏటవుతామమ్మా? ఎందుకిలా చేస్తన్నారు?"

పెద్దమ్మ తడుముకోలేదు. తనకి పెళ్ళైన కొత్తలో భర్త పోయిన సంగతి, దిక్కులేని రోజుల్లో యేసయ్య తనని పట్టుకున్న సంగతి, తన పాపాల కోసం ఆయన సిలువ మీద ప్రాణం పెట్టిన సంగతి, ఆ ప్రేమ రుచి చూశాక ఊరికే కూర్చోలేకపోతున్న సంగతి నాలుగు మాటల్లో చెప్పారు. చెప్పి, "నీ పెనిమిటి కోసం ప్రార్థన చేసుకోనా అమ్మా?" అని అడిగారు. చేయమంది. చేశారు. ఎదురు మంచం దగ్గరున్న పెద్దాయన్ని కూడా అలాగే అడిగితే "వద్దమ్మా, మా ఆచారం వేరు" అన్నాడు. సరే బాబూ అన్నారు. ఆ పూట గంజి ఆయనకీ ముట్టింది, మర్నాడూ ముట్టింది.

పాడేరు దంపతులు డిశ్చార్జై వెళ్ళేటప్పుడు, ఊరెళ్ళగానే తమ అమ్మవారి మొక్కు తీర్చుకోవాలని ఆవిడ చెప్పింది. పెద్దమ్మ మొహంలో కాస్త కూడా తేడా రాలేదు. ఘాట్ రోడ్డు కదా, దారిలో వాంతులవుతాయేమోనని నిమ్మకాయలు, రెండు పూటలకి సరిపడా పులిహోర, ఆ మెత్తటి చీర మడత కట్టి ఇచ్చారు. ఇప్పటికీ ఫోన్ చేసి "చెయ్యి కదుపుతున్నాడా అమ్మా?" అని కనుక్కుంటూనే ఉన్నారు. వాళ్ళ కోసం మా కూడికలో ప్రార్థన ఆగలేదు.

నేను పుట్టింది సంఘంలో, పెరిగింది సంఘంలో. మాలో కొందరు సువార్తని లెక్కల్లో చూస్తారు. ఎన్ని కరపత్రాలు, ఎన్ని బాప్తిస్మాలు అంటారు. సాయానికి ప్రార్థనని షరతు పెట్టేవాళ్ళనీ చూశాను. అది నాకు బాధ. ఇంకో రకం వాళ్ళు సేవ చేస్తారు గానీ ఎందుకు చేస్తున్నారని ఎవరైనా అడిగితే ప్రభువు పేరు చెప్పడానికి మొహమాటపడతారు. అదీ నాకు ఒప్పుదల కాదు, అడిగినవాళ్ళకి నిజం చెప్పకపోవడమే అవుతుంది. పెద్దమ్మ రెండూ చేశారు. అడిగితే దాచలేదు, కాదంటే చేయి తీయలేదు. లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసయ్య చెప్పిన కథ ఉంది. అందులో సమరయ ప్రాంతపు మనిషి, దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిన్న మనిషిని నీది ఏ ఊరు, ఏ మతం అని అడిగినట్టు లేదు. నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టాడు. తన పశువు మీద ఎక్కించుకున్నాడు. పూటకూళ్ళ ఇంట్లో దింపి రెండు దేనారాలు కట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. ఆ చివరి మాట నాకు చాలా ఇష్టం. సాయం అక్కడితో అయిపోలేదన్నమాట.

మాకూ అలాగే జరిగింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళు అందరూ వస్తారు. ఇంటికొచ్చాకే అసలు కష్టం. అద్దెకి తెచ్చిన మంచం, ఫిజియోథెరపీ ఖర్చు, అమ్మ నీరసం. సంఘకాపరి అయ్యగారు వారం వారం వచ్చారు. ఉత్త చేతులతో ఎప్పుడూ రాలేదు, కవరులో ఎవరి కానుకో చెప్పనూ లేదు. అందులో చిల్లర పది రూపాయల నోట్లు ఎక్కువగా ఉండేవి. అవి కూరలమ్ముకునే వాళ్ళ దగ్గర్నుంచి వచ్చినవని మాకు తెలుసు. ఫిజియో బాబు నాన్న చేతి వేళ్ళని ఒక్కొక్కటే తెరిచి మూసే వ్యాయామం అమ్మకి ఓపిగ్గా నేర్పాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కుర్రాళ్ళు గిటారు పట్టుకుని ఇంటికొచ్చారు. నాన్న చిన్నప్పటి నుంచి పాడే పాత కీర్తన ఎత్తుకున్నారు. పల్లవి రెండోసారి వచ్చేసరికి మంచం మీంచి ఇంకో గొంతు కలిసింది. నా పేరు కూడా పలకలేని నాన్న చరణం చరణం మాటలతో సహా పాడుతున్నారు. అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. మాట ఎక్కువగా ఎడమవైపు మెదడు పని, పాటకి కుడివైపు కూడా తోడొస్తుంది, అందుకే మాట పోయినవాళ్ళు కొందరు పాడగలుగుతారని స్పీచ్ థెరపిస్టు తర్వాత వివరించారు. ఆవిడ చెప్పింది నిజమే. ప్రభువు మా కోసం ఆ దారి తెరిచి ఉంచాడన్నదీ నాకు నిజమే. ఇప్పుడు థెరపీ కూడా కీర్తనలతోనే సాగుతోంది.

కేజీహెచ్ డాక్టర్లకి, రాత్రుళ్ళు నిద్ర లేకుండా తిరిగిన నర్సమ్మలకి, స్ట్రెచర్ తోసిన వార్డు బాయ్‌లకి, మా కండక్టర్ అన్నయ్యకి, పెద్దమ్మకి, స్త్రీల కూడికలోని ప్రతి అక్కకీ పిన్నికీ, యౌవనస్థులకి, అయ్యగారికి, పాస్టరమ్మగారికి, ఎక్కడెక్కడి నుంచో ఉపవాసముండి ప్రార్థించిన విశ్వాసులకి, దుబాయ్‌లో తమ్ముడికి ధైర్యం చెప్పిన అక్కడి తెలుగు సంఘానికి మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి వందనాలు. మీ రుణం మేం తీర్చలేం. ప్రభువే మీకు ప్రతిఫలమివ్వాలి.

ఒక చివరి సంగతి. గాలి పంపు ఉన్న ఎయిర్ బెడ్ ఒకటి సంఘం వాళ్ళు కొనిచ్చారు. నాన్నకి ఇక దాని అవసరం లేదు. శుభ్రంగా తుడిచి, పంపు సరిచూసి పెట్టాం. గాజువాక చుట్టుపక్కల మంచం పట్టినవాళ్ళు మీ ఎరుకలో ఎవరున్నా, వాళ్ళు ఎవరైనా సరే, నాకు మెసేజ్ పెట్టండి. ఎలా వాడాలో చూపించడానికి పెద్దమ్మ కూడా వస్తానన్నారు.