కుషన్ల రంగులతోపాటు గుడ్డ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో హాలును కుషన్లతో అలంకరించుకోవడంపై వచ్చిన వ్యాసం చదివాను. గోడ రంగుకూ సోఫా రంగుకూ పొత్తు కుదరాలని, అన్నీ ఒకే సైజువి పెట్టకూడదని చెప్పిన మాటలు బాగానే ఉన్నాయి. అయితే ఫొటోల్లో ఉన్నవన్నీ వెల్వెట్ కుషన్లు, బొచ్చు గుడ్డ కుషన్లే కావడం, అసలు ఏ గుడ్డ ఎంచుకోవాలన్న ప్రస్తావనే రాకపోవడం కుట్టుపని చేసుకునే నాకు పెద్ద లోటుగా తోచింది. మే నెలలో విజయవాడలో వెల్వెట్ కుషన్‌కు వీపు ఆనించి కూర్చున్నవారు కాసేపటికే చెమట పట్టి దాన్ని పక్కకు నెట్టేస్తారు. పైగా దుమ్మూ పిల్లల చేతి మరకలూ పట్టాయని వారం వారం ఉతుకుదామన్నా ఆ గుడ్డ ఓర్చుకోదు. మన ఎండలకు నూలు గుడ్డే తగినది. ఆ నూలులో మన రెండు రాష్ట్రాల నేతగాళ్లు, అద్దకంవాళ్లు చేసేవే ఇన్ని రకాలుండగా వాటిలో ఒక్కటి కూడా మీ వ్యాసంలో కనిపించలేదు.

ఇక్కత్ అని చెప్పి అమ్మిన గుడ్డలు కుషన్ కవర్లు కుట్టమని నా దగ్గరకు తరచుగా వస్తుంటాయి. వాటిలో చాలావరకు యంత్రం మీద అచ్చు వేసినవే. అసలైన ఇక్కత్ నేసే తెలంగాణలోని పోచంపల్లిలో మగ్గం ఎక్కించకముందే పోగులను లెక్క ప్రకారం కట్టి, కట్టినచోట రంగు అంటకుండా అద్ది, మరో రంగు కావాలంటే విప్పి మళ్లీ వేరేచోట కట్టి అద్దుతారు. రంగు పోగుకే పట్టి ఉంటుంది గనుక నేసిన గుడ్డలో డిజైను రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, బొమ్మల అంచులు ఈకల్లా కాస్త చెదిరి ఉంటాయి. ఈ చెదరడాన్ని కూడా అచ్చు గుడ్డ వాళ్లు అనుకరిస్తున్నారు గాని, గుడ్డను తిరగేస్తే వెనకవైపు రంగు పాలిపోయి ఉండటంతో సంగతి బయటపడుతుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందేలా చట్టం ఇచ్చే జీఐ ముద్ర) వచ్చింది కాబట్టి ఆ పేరు అచ్చు గుడ్డకు పెట్టడం చెల్లదు. అందుకే కాబోలు, కొన్ని దుకాణాల్లో తెలివిగా ‘ఇక్కత్ డిజైన్’ అని రాసి ఊరుకుంటున్నారు. కొనేవారు గుడ్డను ఒక్కసారి తిరగేసి చూస్తే చాలు.

కలంకారీ విషయంలోనూ ఇదే తంతు, యంత్రపు అచ్చునే ఆ పేరుతో అమ్ముతారు. అసలైనదాన్ని శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు, మచిలీపట్నం దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ మీద తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీటితో నలుపు, పటిక అద్దినచోట ఎర్ర రంగుద్రవ్యంతో ఉడికించడంతో ఎరుపు వస్తాయి. నన్నడిగితే, రోజూ నలిగే కుషన్‌కు పెడన గుడ్డ సరిపోతుంది. శ్రీకాళహస్తి పనితనాన్ని వీపు కింద పెట్టుకోవడం కంటే గోడకు వేలాడదీయడమే న్యాయం. ఏదైనా సరే, మొదటి ఉతుకులు విడిగా చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేయాలి.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. నలభై ఐదు అంగుళాల పన్నా ఉన్న గుడ్డ అర మీటరు ఉంటే పద్దెనిమిది అంగుళాల కవరు ఒకటి, వెనక ఒక మడత మీద మరో మడత వచ్చేలా, జిప్పు అవసరం లేకుండా కుట్టవచ్చు. ఆ లెక్కన ఐదున్నర మీటర్ల పాత మంగళగిరి నూలు చీర, చిరుగులు లేనిదైతే, దాదాపు పది కవర్లు ఇస్తుంది. ఆ చీరకుండే నిజాం అంచును (గోపురాల్లాంటి చిన్న త్రికోణాల అంచు) కవరు మధ్యకు వచ్చేలా కత్తిరిస్తే వేరే అలంకారమే అక్కర్లేదు. ఇక్కత్‌తో ఒకటి కుట్టించుకుని, అందులోని ఏదో ఒక రంగులో సాదా మంగళగిరి గుడ్డతో రెండు కుట్టించుకుంటే పొత్తు దానంతటదే కుదురుతుంది.

లోపలి దిండు కవరు కంటే రెండంగుళాలు పెద్దదిగా ఉంటేనే మూలలు నిండుగా నిలబడతాయి. బూరుగు దూది హాయిగా ఉంటుంది గాని ఉండలు కడుతుంది, అప్పుడప్పుడూ ఎండలో వేసి తట్టాలి. అంత ఓపిక లేనివారికి ఉతకడానికి వీలైన పాలిస్టర్ ఫైబరే నయం. ముగ్గురు కూర్చునే సోఫాకు మూడు కుషన్లకు మించి వద్దని నా సలహా. ఐదారు పేర్చిన ఇళ్లలో వచ్చిన చుట్టాలు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కాఫీ తాగడం మనందరం చూసేదే.

2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసు అల్లికలను చాలా కాలంగా ఇళ్లలో కూర్చుని ఆడవాళ్లే అల్లుతున్నారు. సాదా నూలు కుషన్ మీద ఆ అల్లిక ఎంత అందంగా ఉంటుందో మీ ఫొటోగ్రాఫరు ఒక్కసారి తీసి చూపిస్తే బాగుంటుంది. ఇకపై ఇటువంటి వ్యాసాల్లో ప్రతి ఫొటో కింద అది ఏ గుడ్డో, ఏ ఊరిదో, నేతో అద్దకమో అచ్చో రాయాలని, చేనేత, హస్తకళల దుకాణాలైన ఆప్కో, లేపాక్షి, గోల్కొండల్లో దొరికేవైతే ఆ మాటా ధరతో సహా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ