ఆలాపన దాటేసే అలవాటు

సంపాదకులు గారికి,

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనులో తోడి రాగ కీర్తన ఒకటి పెట్టింది. కీర్తనకు ముందు రాగాన్ని విప్పి చూపే ఆలాపన ఇంకా గాంధార స్వరం చుట్టూ తిరుగుతుండగానే, "పాట ఎప్పుడొస్తుంది తాతయ్యా?" అంటూ వేలితో ముందుకు జరిపేసింది. మూడేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్న పిల్ల చేసిన పని అది. తప్పు పిల్లదని నేననుకోను. స్పాటిఫై వంటి వేదికలో ఒక పాటను కనీసం 30 సెకన్లు వింటేనే విన్నట్టు లెక్క. ఆ లెక్కను బట్టే పాడినవారికి డబ్బు వస్తున్నప్పుడు, పల్లవిని వీలైనంత ముందుకు తేవాలన్న తొందర పాట కట్టేవారికి కలుగుతుంది, అలాంటి పాటలకే అలవాటుపడిన చెవికి రాగం విప్పుకునే వ్యవధి వృథాగా తోస్తుంది.

గ్రామఫోను కాలంలోనూ పరిమితి ఉండేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. మా విజయనగరంలో వయొలిన్ ఆచార్యులుగా ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాద్యం కూడా ఆ కొలతకు ఒదగవలసి వచ్చింది. అయితే ఆ పరిమితి యంత్రానిది, శ్రోతది కాదు. రికార్డు విన్నవారే సాయంత్రం కచేరీకి వెళ్లి గంటల తరబడి కూర్చునేవారు. ఇప్పుడు ఫోను నేర్పిన తొందరను మనం కచేరీకీ వెంట తీసుకెళ్తున్నాం. మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే తనియావర్తనం మొదలవగానే కుర్చీలు ఖాళీ కావడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఈ సదుపాయం వల్ల మేలు లేదనను. ఒకప్పుడు ఎవరింట్లోనో ఉందని తెలిసి వెతుక్కుంటూ వెళ్లి విన్న రికార్డులు ఇవాళ మంచం మీద నుంచే వినగలుగుతున్నాను. కానీ తెర మీద గాయకుడి పేరు, ఆల్బమ్ బొమ్మ తప్ప చాలాసార్లు వయొలిన్ ఎవరిదో, మృదంగం ఎవరిదో కనబడదు. హరికథకులు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల వెలసిన విజయనగరంలో, కచేరీ కరపత్రం మీద పక్కవాద్యం వారి పేరు లేకపోతే పెద్దలు నిలదీసేవారు. అదే మర్యాద ఈ వేదికలూ పాటించాలి. రాగం, తాళం, వాగ్గేయకారుడు, వాద్యకారులు, సినిమా పాటైతే రచయిత, ఈ వివరాలన్నీ పాట పేరు పక్కనే కనబడాలి. ఒక పాట అయిపోగానే అడగకుండా మరొకటి అందుకునే ఏర్పాటును, శ్రోత కావాలని కోరితే తప్ప మొదలుపెట్టకూడదు.

ఇట్లు,
ఒక సంగీతాభిమాని,
విజయనగరం