శుభ్రమైన నమూనా చాలదు

సంపాదకుడు గారికి,

కలుషిత భూగర్భ జలాన్ని శుద్ధి చేసేందుకు భూమిలో ఇనుప రజను గోడలు కడుతున్నారు. పంపులు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. వాలున పారే నీరు గోడలోంచి సాగుతుంటే ట్రైక్లోరోఇథిలీన్ (లోహాల జిడ్డు వదిలించే పారిశ్రామిక ద్రావకం) విరిగిపోతుంది, విషపూరిత క్రోమియం కరగని రూపంలోకి మారి ఆగిపోతుంది. ఇది ఉత్త మాట కాదు. అమెరికాలోని ఎలిజబెత్ సిటీలో 1996లో కట్టిన 46 మీటర్ల గోడ ఏళ్ల తరబడి పని చేసింది. నా అభ్యంతరమల్లా ఒకసారి కట్టి వదిలేస్తే చాలన్న ప్రచారం మీదే.

తుప్పు పట్టే ఇనుము హైడ్రోజన్‌ను వదులుతుంది. సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియాకు అదే ఆహారం. నీరు ప్రవేశించే వైపున అవి జిగట పొరలు కడతాయి. సల్ఫైడ్ ఇనుముతో కలిసి నల్లగా పేరుకుంటుంది. నీటిలోని కార్బొనేట్లు గారలా పట్టేస్తాయి. నైట్రేట్ ఉంటే దాన్ని తినే జీవులు వదిలే వాయువు బుడగలై రంధ్రాలను మూస్తుంది. అలాగని బ్యాక్టీరియాను మందు పోసి చంపమనడం తొందరపాటు. అవి హైడ్రోజన్‌ను వాడేసి ఆ వాయువు పేరుకోకుండా చూస్తాయి, అవి పుట్టించే ఐరన్ సల్ఫైడ్ కూడా కొన్ని విషాలను విరుస్తుంది.

అసలు ప్రమాదం కొలతలో ఉంది. గోడ పూడితే నీరు ఆగదు, ఎగువన మట్టం పెంచుకుని పక్కలనుంచో అడుగునుంచో దాటిపోతుంది. గోడ వెనకే ఉన్న పరిశీలక బావిలో మాత్రం, లోపలినుంచి వచ్చిన కొద్దిపాటి నీరే కాబట్టి, నమూనా శుభ్రంగానే కనిపించవచ్చు. నివేదికలో అంతా బాగానే ఉంటుంది! యూటా రాష్ట్రం మాంటిసెల్లోలో యురేనియం కోసం 1999లో కట్టిన గోడ, ప్రధానంగా ఖనిజాల పూడిక వల్ల, కొన్నేళ్లకే నీటిని సరిగా పోనివ్వలేకపోయింది.

కాబట్టి అనుమతి పత్రంలోనే కొన్ని షరతులు ఉండాలి. ఎగువ, దిగువ నీటిమట్టాలను క్రమం తప్పకుండా కొలవాలి. గోడ రెండు చివర్లలోనూ, దాని అడుగుభాగం కింది లోతుల్లోనూ బావులు వేయాలి. ఆ అంకెలను విష పరిమాణాల పక్కనే ప్రజలకు వెల్లడించాలి. పూడిన భాగాన్ని తవ్వి కొత్త ఇనుము నింపే ఖర్చును మొదటి అంచనాలోనే చూపించాలి. అది చూపని పథకాన్ని చవక అనడం లెక్క తప్పడమే.

ఇట్లు,
ఒక పాఠకుడు